పాత పోర్టల్ మూసేలోపే పాఠాలు చేతికి తీసుకోండి

మీ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ బోధనకు కొత్త వేదిక తెస్తోందని సర్క్యులర్ వచ్చి ఉంటే, దాని ఆఖరి పేరా ఇంకోసారి చదవండి. శిక్షణ ఎప్పుడు, నోడల్ ఆఫీసర్ ఎవరు, కొత్త లాగిన్ ఎలా అందుతుంది అన్న సంగతులన్నీ పైన ఉంటాయి. ఫలానా తేదీ నుంచి పాత పోర్టల్ పనిచేయదన్న మాట అడుగున ఒక్క వరుసలో ఉంటుంది. మీ కోర్సు ఏమవుతుందో తేల్చేది ఆ వరుసే. చాలాచోట్ల ఆ తేదీ పాత కంపెనీతో ఒప్పందం ముగిసే రోజును బట్టి పడుతుంది. మిడ్ పరీక్షలు జరుగుతున్నాయా, వాల్యుయేషన్ నడుస్తోందా, అధ్యాపకులు సెలవులకు ఊళ్లకు వెళ్లారా అన్నది ఒప్పంద పత్రానికి పట్టదు.

అందుకే అసలు మాట ముందే చెబుతున్నాం. ప్రతి అధ్యాపకుడూ, ప్రతి అధ్యాపకురాలూ తమ కోర్సు పూర్తి కాపీని చేతికి తీసుకోవాలి. కొత్త వేదికలో దాన్ని విద్యార్థి కళ్లతో ఒకసారి తెరిచి చూసుకోవాలి. అంతవరకూ పాత పోర్టల్‌ను ఏ విశ్వవిద్యాలయమూ మూయకూడదు. మూయబోతుంటే అధ్యాపకులు అడ్డు చెప్పాలి, అదీ రాతపూర్వకంగా.

2020 మార్చిలో కరోనాతో తరగతి గదులు మూతపడ్డప్పుడు మన అధ్యాపకులు రాత్రికి రాత్రి ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టారు. ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి వీడియోలు తీశారు. చేతిరాత నోట్సును స్కాన్ చేశారు. పీపీటీలు, అసైన్‌మెంట్లు, యూనిట్ వారీ ప్రశ్నలు, ల్యాబ్ మాన్యువళ్లు తయారుచేశారు. ఆ తర్వాత ఏటా వాటిని దిద్దుకుంటూ వచ్చారు. ఏ ప్రశ్న దగ్గర పిల్లలు తికమకపడుతున్నారో చూసి ప్రశ్నను మార్చారు, ఏ వీడియోను సగంలో ఆపేస్తున్నారో గమనించి మళ్లీ చెప్పారు. వర్క్‌లోడ్ లెక్కల్లోకి ఎక్కని శ్రమ అది. ఇప్పుడదంతా ఎవరిదో సర్వర్‌లో ఉంది. దాని తాళం అధ్యాపకుల దగ్గర లేదు.

ఈ వేదికలేవీ శాశ్వతం కావు. వెబ్‌సీటీ అనే బోధన వేదిక 1990ల నడుమ కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టింది. 2006లో దాన్ని బ్లాక్‌బోర్డ్ కంపెనీ కొనేసింది, కొన్నేళ్లకు ఆ పేరే కనుమరుగైంది. వెబ్‌సీటీకి పుట్టిల్లయిన విశ్వవిద్యాలయం ఈనాడు కాన్వాస్ అనే మరో వేదిక మీద పాఠాలు చెబుతోంది. బ్లాక్‌బోర్డ్ 2021లో ఆంథాలజీ అనే కంపెనీలో కలిసింది. ఆ ఆంథాలజీ 2025 సెప్టెంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెంచిన ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను 2021లో టూయూ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లకు కొంది. మూడేళ్లు తిరిగేసరికి ఆ కంపెనీ కూడా దివాలా కోర్టు మెట్లెక్కింది. ఇంత పెద్ద సంస్థల సంగతే ఇలా ఉంటే, మన విశ్వవిద్యాలయం టెండరు పిలిచి తెచ్చుకున్న వేదిక పదేళ్లు ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

మనకు బాగా దగ్గరి ఉదాహరణ గూగుల్. విద్యాసంస్థలకు హద్దులేని నిల్వ ఉచితమని నమ్మి మన కాలేజీలు రికార్డింగులన్నీ డ్రైవ్‌లో పోశాయి. ఆ సదుపాయం ఇక ఉండదని 2021 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించింది. 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లే ఉచితమంది. వేలాది మంది విద్యార్థులున్న చోట అది ఎంతోకాలం సరిపోదు. మైక్రోసాఫ్ట్ పాత వీడియో సేవ స్ట్రీమ్ 2024 ఏప్రిల్‌లో మూతపడింది. టీమ్స్‌లో రికార్డు చేసిన క్లాసుకు అడ్మిన్ వేరే గడువు పెట్టకపోతే మామూలుగా 120 రోజులకు అది దానంతటదే రీసైకిల్ బిన్‌లోకి వెళుతుంది. మన అధ్యాపకుల్లో ఎంతమందికి ఈ సంగతి ఎవరైనా చెప్పారు?

ఇక తరలింపు అసలు ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక్క బటన్ నొక్కితే అంతా వచ్చేస్తుందని కంపెనీ మనిషి అంటాడు. అందులో కొంత నిజముంది. మూడుల్ అనే వేదికలో కోర్సు బ్యాకప్ ఒకే ఫైలుగా దిగుతుంది. కామన్ కార్ట్రిడ్జ్ అనే ఉమ్మడి ప్రమాణం ఉంది. దాంతో ఒక వేదికలోని పాఠాలు, లింకులు, క్విజ్‌లు మూటగట్టి ఇంకో వేదికలో విప్పవచ్చు. కాన్వాస్ అయితే మూడుల్ బ్యాకప్‌నే నేరుగా తీసుకుంటుంది.

ఆ మూటలో రానివి ఏవో తెలుసుకోవడం మరీ ముఖ్యం. విద్యార్థులు సమర్పించిన అసైన్‌మెంట్లు, చర్చల్లో వాళ్లడిగిన సందేహాలు, మీరిచ్చిన జవాబులు, మార్కుల పట్టిక, ఇవేవీ కామన్ కార్ట్రిడ్జ్‌లో రావు. మూడుల్‌లో అధ్యాపకుల హోదాతో తీసే బ్యాకప్‌లోనూ మామూలుగా విద్యార్థుల వివరాలు ఉండవు, వాటిని అడ్మిన్ తీసి ఇవ్వాలి. ప్రశ్నల నిధిని గిఫ్ట్ ఫార్మాట్‌లో దించుకుంటే అక్షరాలు వస్తాయి, బొమ్మలు రావు. సర్క్యూట్ చూసి జవాబు రాయమన్న ప్రశ్నలో సర్క్యూటే ఉండదు. మూడుల్ ఎక్స్ఎంఎల్ ఎంచుకుంటే బొమ్మలతో సహా వస్తాయి. ఈ చిన్న ఎంపిక తెలియక ఫిజిక్స్, ఎలక్ట్రికల్ వాళ్ల ఏళ్ల శ్రమ సగం దెబ్బతింటుంది. ప్రతి విద్యార్థికీ అంకెలు మారుతూ వచ్చే లెక్కల ప్రశ్నలు వేరే వేదిక మీద తరచూ చెడిపోతాయి. పాఠం పేజీలో కనబడే వీడియో నిజానికి ఎక్కడో డ్రైవ్‌లో ఉంటుంది. పేజీ కొత్త చోటికి వచ్చినా వీడియో అనుమతులు దాంతోపాటు రావు. మీరు తెరిస్తే ఆడుతుంది, ఎందుకంటే అది మీదే. విద్యార్థి తెరిస్తే అనుమతి కోరమంటుంది. గడువు తేదీలు నిరుటివే వచ్చి పడితే కొత్త బ్యాచ్‌కు అసైన్‌మెంట్ మొదటి రోజే మూసి ఉంటుంది.

గూగుల్ క్లాస్‌రూమ్ నుంచి కదిలేవాళ్లకు పని ఇంకా పెద్దది. అక్కడ కోర్సును ఇంకో వేదిక అర్థం చేసుకునేలా మూటగట్టే సదుపాయం లేదు. గూగుల్ టేకౌట్‌తో ఫైళ్లు, పోస్టులు దించుకోవచ్చు కానీ అవి కొత్త చోట కోర్సుగా తెరుచుకోవు. మళ్లీ యూనిట్ వారీగా చేత్తో పేర్చుకోవలసిందే. సంస్థ అడ్మిన్ టేకౌట్‌ను ఆపేసి ఉంటే అది కూడా ఉండదు. మీ ఖాతాలో అది తెరుచుకుంటుందో లేదో గడువుకు ముందే చూసుకోండి.

ఇప్పుడు తెలుగులో పాఠాలు చెప్పేవాళ్ల సంగతి. తరలింపు ప్రణాళికల్లో ఎవరూ తలవని విషయమిది. తెలుగు శాఖలోనూ, తెలుగు మాధ్యమంలో చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం చెప్పేవాళ్ల దగ్గరా ఉన్న నోట్సులో చాలా భాగం అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో టైపు చేసింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. అను ఫాంట్‌లో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ, లోపల కంప్యూటర్ దాచుకున్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల సంకేతాలే. ఆ ఫాంట్ లేని చోట, అంటే ప్రతి విద్యార్థి ఫోన్‌లోనూ, అవి అర్థంలేని గీతలుగా బయటపడతాయి. కొత్త వేదికలోని పేజీలో ఆ పాఠం అతికిస్తే జరిగేది అదే.

పీడీఎఫ్ చేసి పెడితే సరిపోతుంది కదా అనవచ్చు. బొమ్మ కనిపిస్తుంది, నిజమే. కానీ దాంట్లో ఒక్క తెలుగు మాట వెతికినా దొరకదు. చూపులేని విద్యార్థి ఫోన్‌లోని టాక్‌బ్యాక్ యూనికోడ్ తెలుగును చదివి వినిపిస్తుంది. ఈ పీడీఎఫ్ దగ్గరికొచ్చేసరికి అర్థంకాని శబ్దాలు చేస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఉన్నత విద్యలో తెలుగు పాఠాలు చాలావరకు దాని బయటే ఉండిపోవడం బాధాకరం. ఈ తరలింపు వాటిని లోపలికి తేవడానికి దొరికిన అవకాశం. తొందరలో పీడీఎఫ్‌లు ఎక్కించి చేతులు దులుపుకుంటే మళ్లీ ఇంకో పదేళ్లు ఇదే గతి.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిని నమ్మి వదిలేయకండి. ఒత్తులు తారుమారవుతాయి, అరుదైన సంయుక్తాక్షరాలు చెడతాయి, మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలు తెలుగు అక్షరాల కుప్పగా మారతాయి. పద్యాలున్న పాఠమైతే ఒక్క అక్షరం పోయినా గణం చెడుతుంది. కాబట్టి మనిషి కూర్చుని ప్రూఫు చూడాలి. పరిశోధక విద్యార్థులతో ఆ పని చేయించుకోవచ్చు, పేజీకి ఇంతని డబ్బిచ్చి. ఉచితంగా చేయించుకోవడం అన్యాయం, పని కూడా సరిగా రాదు.

క్విజ్‌లలో ఇంకో చిక్కుంది. ఒక్క మాటలో జవాబు రాయమనే ప్రశ్నకు అధ్యాపకుడు "హార్డ్‌వేర్" అని పెట్టారనుకోండి. విద్యార్థి ఫోన్ కీబోర్డు మీద "హార్డ్వేర్" అని కలిపి రాస్తే యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. సున్నా మార్కులు పడతాయి. జవాబు కీ ఇంకా అను ఫాంట్‌లోనే ఉంటే తరగతి మొత్తానికి సున్నాయే. తెలుగులో ఇలాంటి ప్రశ్నలకు రాయడానికి వీలున్న రూపాలన్నీ జవాబులుగా చేర్చాలి, లేదా ఆ ప్రశ్నలు మనిషే దిద్దేలా పెట్టాలి. ఇంటర్నల్ మార్కులు ఇచ్చే ముందు ఇది తేల్చుకోవలసిన విషయం.

వికలాంగులకు అందని పాఠాల మూల్యం ఎంతవరకు వెళుతుందో బర్క్‌లీలో తేలింది. వినికిడి లోపమున్నవాళ్ల ఫిర్యాదు మీద, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ క్యాంపస్ ఉచితంగా పెట్టిన వీడియోలు వికలాంగులకు అందుబాటులో లేవని 2016లో అమెరికా న్యాయశాఖ చెప్పింది. 2017 మార్చిలో ఆ విశ్వవిద్యాలయం ఇరవై వేలకు పైగా ఉపన్యాసాలను ప్రజలకు కనిపించకుండా తీసేసింది. మొదట్లోనే క్యాప్షన్లు పెట్టి ఉంటే ప్రపంచానికి ఆ పాఠాలు మిగిలేవి. మన దేశంలోనూ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. పాఠాలను ఎలాగూ ఒక్కొక్కటిగా తెరిచి చూసే ఈ సమయంలో క్యాప్షన్లు చేర్చే పని కూడా చేయడం తేలిక.

గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్టు అధ్యాపకుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన విశ్వవిద్యాలయాల్లో బోధన భారం పెద్ద ఎత్తున వాళ్ల మీదే నడుస్తోంది. చాలామందికి సంస్థ ఇమెయిల్ ఇవ్వరు. సొంత జీమెయిల్‌తోనే క్లాస్‌రూమ్ తెరిచి పాఠాలు చెబుతారు. మరుసటి ఏడాది వాళ్లకు రెన్యువల్ రాకపోతే ఆ కోర్సు వాళ్లతోనే పోతుంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను 2023 డిసెంబరు నుంచి గూగుల్ తొలగిస్తోంది. సంస్థ ఇమెయిల్ ఉన్నవాళ్ల సంగతీ భద్రమేమీ కాదు. ఉద్యోగం ముగియగానే అడ్మిన్ ఖాతా తీసేస్తారు, ఇరవై రోజుల్లోపు వెనక్కి తేకపోతే ఆ డ్రైవ్‌లోని ఫైళ్లు ఇక దొరకవు. రిటైరయ్యే ప్రొఫెసర్లదీ ఇదే పరిస్థితి. ముప్పై ఏళ్లు ఒక సబ్జెక్టు చెప్పిన మనిషి పాఠాలు, వీడ్కోలు సభ జరిగిన నెలలోనే చెరిగిపోవడానికి వీల్లేదు. ఖాతా తీసే ముందు ఫైళ్ల యాజమాన్యాన్ని శాఖ ఖాతాకు మార్చే పద్ధతి ప్రతి రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉండాలి. తయారుచేసిన మనిషి అనుమతితో, ఆ మనిషి పేరు కోర్సు మీద నిలిచేలా అది జరగాలి.

మార్కుల విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. మన విద్యార్థులు బ్యాక్‌లాగులు తీర్చుకోవడానికి ఏళ్ల తర్వాత కూడా సప్లిమెంటరీకి వస్తారు. అప్పుడు ఇంటర్నల్ మార్కుల ఆధారం కావాలి. ఆన్‌లైన్‌లో రాసిన క్విజ్, సమర్పించిన అసైన్‌మెంట్, దాని మీద అధ్యాపకుల వ్యాఖ్య పాత పోర్టల్‌తోపాటు పోతే, వివాదం వచ్చిన రోజున విద్యార్థికీ రక్షణ ఉండదు, అధ్యాపకులకూ ఉండదు. సమాచార హక్కు కింద అడిగినా చూపడానికి ఏమీ మిగలదు. న్యాక్‌కు ఇచ్చిన నివేదికలో ఈ-కంటెంట్ లింకులు కూడా ఉంటాయి. పరిశీలన సమయానికి అవి తెరుచుకోకపోతే పనిచేసిన శాఖకే చెడ్డపేరు.

అయితే విద్యార్థుల మార్కులు, ఫోన్ నంబర్లు, హాల్‌టికెట్ నంబర్లు ఉన్న ఫైళ్లను ఎవరికి వారు పెన్‌డ్రైవుల్లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లకూడదు. మీరు తయారుచేసిన పాఠం మీ దగ్గర ఉంచుకోండి. విద్యార్థుల వివరాలు మాత్రం శాఖ బాధ్యతలో, పాస్‌వర్డ్ రక్షణలో ఉండాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. పాత కంపెనీ దగ్గర మిగిలిన విద్యార్థుల డేటాను చెరిపేసినట్టు రాతపూర్వక ధ్రువీకరణ తీసుకునే బాధ్యత విశ్వవిద్యాలయానిదే.

అంతా కొత్త క్లౌడ్‌లో ఉంటుంది, వేరే కాపీలు ఎందుకనే అధికారులు దక్షిణ కొరియాలో జరిగింది తెలుసుకోవాలి. అక్కడి ప్రభుత్వం తన ఉద్యోగులను ఫైళ్లు సొంత కంప్యూటర్లలో కాకుండా జీ-డ్రైవ్ అనే ఉమ్మడి నిల్వలోనే ఉంచమని చెప్పింది. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని జాతీయ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని మంటలు లేచాయి. జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. వేరేచోట బ్యాకప్ లేదు. ఉద్యోగుల ఏళ్ల తరబడి పని అలా పోయింది. సాంకేతికంగా మనకంటే ఎంతో ముందున్న దేశం అది.

ఇక అధ్యాపకులకు సాయం ఎలా అందాలన్నది. ఆడిటోరియంలో మూడు వందల మందిని కూర్చోబెట్టి, తెర మీద స్లైడ్లు చూపించి, హాజరు సంతకాలు తీసుకుంటే దాన్ని శిక్షణ అని రాసుకోవచ్చు. అక్కడి నుంచి బయటికొచ్చిన కెమిస్ట్రీ మేడంకు తన పీరియాడిక్ టేబుల్ క్విజ్ ఎలా తరలించాలో తెలియదు. అడగడానికి నామోషీ కూడా. చేయి తిరిగిన అధ్యాపకులు కంప్యూటర్ ముందు తడబడటాన్ని జూనియర్లు చూస్తారన్న జంకు చాలామందిని వెనక్కి లాగుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పక్కన ఒక మనిషి కూర్చుని, వాళ్ల సొంత కోర్సునే తెరిచి, మౌస్ వాళ్ల చేతిలోనే ఉంచి నేర్పాలి. శాఖకు ఒకరిద్దరు అలాంటి సహాయకులు కావాలి. కంప్యూటర్ సెంటర్‌లో ఒక్క టెక్నీషియన్‌ను పెట్టి యూనివర్సిటీ మొత్తాన్ని అతని మీద వదలడం ఆ మనిషికీ అన్యాయమే. ఈ పని చేసే అధ్యాపకులకు ఆ సెమిస్టర్ వర్క్‌లోడ్ తగ్గించాలి.

ముందుగా ఒకే ఒక్క కోర్సు తరలించండి. దాన్ని మామూలు స్మార్ట్‌ఫోన్‌లో, వైఫై లేకుండా, విద్యార్థి లాగిన్‌తో తెరవండి. మన పిల్లల్లో అత్యధికులకు ల్యాప్‌టాప్ ఉండదు, పాఠం చదివేది ఆ ఫోన్‌లోనే. వీడియో ఎంత డేటా తింటోంది, సూత్రాలు సరిగా కనిపిస్తున్నాయా, క్విజ్ మధ్యలో నెట్ పోతే ఏమవుతోంది అన్నవి అక్కడే తెలుస్తాయి. అది నిలబడ్డాకే మిగతావి. ఒక సెమిస్టర్ పాటు రెండు వేదికలూ పక్కపక్కన నడవాలి. ఖర్చు పెరుగుతుందనే వాదన వస్తుంది. పెరుగుతుంది, ఆ మాట దాచడం లేదు. అయినా మళ్లీ మొదటి నుంచి పాఠాలు తయారుచేయించే ఖర్చు ముందు అది చిన్నదే.

తరలింపు జరిగే నెలల్లో మోసగాళ్లు కూడా కాచుకుని ఉంటారు. మీ ఖాతా కొత్త వేదికకు మారుతోంది, ఈ లింకు నొక్కి పాస్‌వర్డ్ నిర్ధారించండి అంటూ రిజిస్ట్రార్ పేరుతో ఇమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు వస్తాయి. నిజమైన సర్క్యులర్ అప్పుడే వచ్చి ఉండటంతో అబద్ధపు సందేశం కూడా నమ్మబుద్ధి అవుతుంది. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. లింకు మీద నొక్కకుండా విశ్వవిద్యాలయ వెబ్‌సైట్ చిరునామా మీరే టైపు చేసి వెళ్లండి. అనుమానం వస్తే కంప్యూటర్ సెంటర్‌కు ఫోన్ చేయండి.

వైస్ చాన్సలర్లు, రిజిస్ట్రార్లు ఈ వారమే పాత కంపెనీతో ఉన్న ఒప్పందం తీయించి చూడాలి. మూసిన తర్వాత కనీసం ఒక విద్యా సంవత్సరం పాత పోర్టల్‌ను చదవడానికి మాత్రమే తెరిచి ఉంచే నిబంధన అందులో ఉందా? డేటాను ఇతర వేదికలు చదవగల రూపంలో తిరిగి ఇవ్వాలని ఉందా? లేకపోతే పొడిగింపు కోరుతూ ఇప్పుడే లేఖ పంపాలి. కొత్త కంపెనీతో సంతకం చేసే ముందు అవే నిబంధనలు అక్కడా పెట్టాలి, ఎందుకంటే ఏదో ఒక రోజు ఆ వేదిక నుంచి కూడా బయటికి రావలసి ఉంటుంది.

గడువు మరీ దగ్గరపడి, అన్నీ తీసుకునే వ్యవధి లేని అధ్యాపకులు ఈ వరుసలో వెళ్లండి. మొదట ప్రశ్నల నిధి, బొమ్మలతో సహా. అది మళ్లీ తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. తర్వాత మార్కుల పట్టిక, అసైన్‌మెంట్ల మీద మీరు రాసిన వ్యాఖ్యలు, వీటి కోసం హెచ్‌ఓడీ ద్వారా అడ్మిన్‌ను రాతపూర్వకంగా అడగండి, కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత వేరెక్కడా లేని వీడియో రికార్డింగులు. చర్చల పేజీలను పీడీఎఫ్‌గా దాచండి. పీపీటీలు చివరికి వదిలేయండి, అవి ఎలాగూ మీ ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. దించుకున్న ప్రతి ఫైలునూ అక్కడికక్కడే తెరిచి చూడండి. సగంలో ఆగిన డౌన్‌లోడ్ కూడా బయటికి పూర్తి ఫైలులాగే కనిపిస్తుంది.